బ్యాటరీ నీళ్ల మచ్చ

మా గేటుకు వేపమండ కట్టింది నేనే.

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక ప్రైవేటు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాను. తల్లి పోసిందంటే, అదే ఆటలమ్మ వచ్చిందంటే, దేవతకు కోపం వచ్చినట్టు కాదురా, అది వైరస్ అని బల్ల గుద్ది మరీ చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, తెల్లవారగానే స్టూలు వేసుకుని పెరట్లో వేపకొమ్మ విరిచి, గేటు చువ్వలకు గట్టిగా కట్టాను. పాత విద్యార్థి ఎవడైనా ఆ దారిన పోతే నవ్వుకునేవాడే. నవ్వితే నవ్వనీ. గోదావరిఖనిలో గేటుకు బోర్డు రాసిపెడితే చదివేవాళ్లు ఉండరు. వేపమండ కనిపిస్తే మాత్రం లోపల తల్లి పోసిందని పాలవాడికి కూడా తెలుసు, ప్యాకెట్టు గేటుకు తగిలించి పోతాడు. నాకు కావలసింది అదే. వీధి మొత్తం వచ్చినా రాకపోయినా నాకు ఒకటే, ఒక్క మనిషి మాత్రం రాకూడదు.

ఆ మనిషి పక్కింటి అమ్మాయి. తొలి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది, ఏడో నెల. వాళ్లమ్మా నేనూ బొగ్గు కంపెనీ క్వార్టర్లలో ఉన్నప్పుడు కూడా ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవాళ్లం. స్థలాలు కొనుక్కునేటప్పుడు ఇన్నాళ్ల తర్వాత విడిపోవడం ఎందుకని పక్కపక్కనే కొన్నాం. మధ్యలో ప్రహరీ గోడ భుజాల ఎత్తే. దాని మీదుగా కూర గిన్నెలు, కరివేపాకు, కోపతాపాలు అన్నీ రాకపోకలు సాగిస్తాయి. ఆమె నన్ను అక్క అంటుంది, నేను చెల్లె అంటాను. పిల్లకు నేను పెద్దమ్మను, నా భర్త పెద్దబాపు. మాకు పిల్లలు కాలేదు, అందుకని ఆ వరసను నేను కాస్త ఎక్కువగానే వాడుకున్నాను.

నా భర్త గనిలో పనిచేసి రిటైరయ్యాడు. కొత్త ఇంటికి సున్నం కూడా పూర్తిగా ఆరకముందే కరోనా రెండో విడతలో పోయాడు. ఆ తర్వాత ఈ ఇంట్లో నా గొంతు నేను వినేది సాయంత్రం పూటే. ఆ పిల్ల వచ్చి కూర్చుంటేనే మాట్లాడతాను. పెళ్లయ్యి వెళ్లిపోయాక అదీ లేదు. కాన్పుకు వచ్చాక మళ్లీ మొదలైంది. రోజూ మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ అవుతుంది, కిటికీ అద్దాలు ఒకసారి గలగలమంటాయి. అది అయిన కాసేపటికి ఆమె గేటు తీసిన చప్పుడు వినిపిస్తుంది. నేను అద్దాల చప్పుడు కోసం ఎదురుచూసే స్థితికి వచ్చానంటే నా సంగతి అర్థం చేసుకోండి.

మొదట నడుముకు ఎడమవైపు మంట. చర్మం పైన కాదు, లోపల ఎక్కడో తీగ లాగినట్టు. వయసు నొప్పి అనుకున్నాను. కొద్ది రోజులకు లంగా నాడా కట్టే చోట ఎర్రగా దద్దు లేచింది. నాడా రాసుకుపోయిందనుకున్నాను. ఆ సాయంత్రం పిల్ల వచ్చి, నేను వంకర్లు తిరుగుతూ కూర్చోవడం చూసి, చీర పక్కకు జరిపి చూసింది.

"చెమటకాయలోలె లేవు పెద్దమ్మా. ఒకటి రెండు నీళ్లు పట్టినయి. నాడా గంత గట్టిగ ఎందుకు కట్టుకుంటవు?" అంది.

వద్దంటున్నా వినకుండా వంటింట్లోంచి కొబ్బరినూనె తెచ్చి, వేళ్లతో మెల్లగా రాసింది. నా ఒంటిని ఇంకొక మనిషి ముట్టుకుని ఎన్నాళ్లయిందో. కళ్లు మూసుకుని కూర్చున్నాను. మంట మీద ఆ చల్లని వేళ్లు ఎంత హాయిగా ఉన్నాయో చెప్పలేను. ఇంకాసేపు రాస్తే బాగుండు అనిపించింది.

మర్నాడు పొద్దున అద్దం ముందు నిలబడి చూసుకున్నాను. ఎర్రటి పట్టీ ఒకటి వెన్నెముక దగ్గర మొదలై నడుము చుట్టూ ముందుకు వచ్చి, బొడ్డు దగ్గర గీత గీసినట్టు ఆగిపోయింది. దాని మీద గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు. కుడివైపు ఒక్కటీ లేదు. నాడా రాసుకుంటే రెండు వైపులా రాసుకోవాలి కదా. పదో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు. అది సర్పి.

సర్పి అనగానే మా వైపు మొదట అడిగేది తలా తోకా కలిశాయా అని. పట్టీ నడుము చుట్టూ తిరిగి కలుసుకుంటే మనిషి దక్కడని నమ్మకం. కలవదు. ఎందుకు కలవదో నాకు తెలుసు. చిన్నప్పుడు తల్లి పోసినప్పుడు వచ్చిన వైరస్, పొక్కులు మాడాక కూడా ఒంట్లోంచి వెళ్లిపోదు. వెన్నెముక పక్కన నరాల మొదళ్లలో దూరి పడుకుంటుంది. ఏళ్లూ పూళ్లూ అలాగే ఉంటుంది. ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు ఏదో ఒక నరంలో లేస్తుంది, ఆ నరం ఎంతవరకు పోతుందో అంతవరకే పాకుతుంది. ఎడమ నరం ఎడమవైపే పోతుంది, నడిమధ్య ఆగుతుంది. అందుకని నా ప్రాణానికి వచ్చిన ఢోకా ఏమీ లేదు.

కానీ ఆ నీటి పొక్కుల్లో ఉన్నది నిద్రపోతున్న వైరస్ కాదు, లేచి కూర్చున్నది. చిన్నప్పుడు తల్లి పోయని మనిషి ఆ నీటిని ముట్టుకుంటే ఆ మనిషికి తల్లి పోస్తుంది. అదే కడుపుతో ఉన్న మనిషి అయితే, జబ్బు ఊపిరితిత్తుల దాకా పోవచ్చు. కాన్పు దగ్గర పడ్డాక వస్తే పుట్టే బిడ్డకూ గండమే. నిన్న సాయంత్రం నూనె రాసిన వేళ్లు గుర్తొచ్చాయి.

తర్వాత చేసిన పని వేపమండ కట్టడం. ఫోన్లో రావద్దని చెబితే ఆ పిల్ల వినదు, ఏం కాదులే అని వచ్చేస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. వేపమండను దాటి మాత్రం రాదు, వాళ్లమ్మ పెంపకం అలాంటిది. కట్టిన తర్వాత గోడ వైపు పోయి, ఈసారి బాగా దూరంగా నిలబడి, చెల్లెను పిలిచి ఉన్నదున్నట్టు చెప్పాను. నీ బిడ్డకు చిన్నప్పుడు తల్లి పోసిందా అని అడిగాను.

"నా బిడ్డకు తల్లి పొయ్యలే అక్కా. ఒక్కసారి గూడ పొయ్యలే. నాకు మంచిగ యాదికున్నది" అంది ఆమె.

ఆ మాట గర్వంగా చెప్పుకునేది ఇన్నాళ్లూ. వీధిలో అందరి పిల్లలకూ పోసినప్పుడు కూడా తన బిడ్డను తల్లి చల్లగా చూసిందని. ఇప్పుడు ఆ మాట అంటూనే ఇంట్లోకి, బిడ్డ వైపు తిరిగి చూసింది. నేను జల్దీ చెప్పాల్సినవి చెప్పాను. ఈరోజే కరీంనగర్ పోయి, చూపించుకుంటున్న డాక్టరమ్మకు జరిగిందంతా చెప్పండి, రక్తం పరీక్ష ఉంటుంది, ఆ వైరస్‌ను ఇంతకుముందు చూసిన గుర్తులు రక్తంలో ఉంటే ఫికర్ లేదు, లేకపోతే ఇంజెక్షన్ ఇస్తారు, ఆలస్యం చేయకూడదు. ఆమె తల ఊపి లోపలికి పోయింది. కాసేపటికి ఆటో వచ్చి ఆగిన చప్పుడు, ఇంటికి తాళం వేసిన చప్పుడు వినిపించాయి.

నేను కంపెనీ దవాఖానకు పోయి, వరుసలో అందరికీ ఎడంగా నిలబడి మాత్రలు తెచ్చుకున్నాను. అవి వైరస్‌ను చంపవు, నకళ్లు తీసుకోకుండా ఆపుతాయి. లేచిందాన్ని ఆపుతాయి గానీ నరంలో పడుకున్నదాని జోలికి పోలేవు.

ఆ సాయంత్రం వాళ్లు తిరిగి వచ్చారు. రక్తం తీసుకున్నారని, రెండు మూడు రోజుల్లో చెబుతారని పిల్లే ఫోన్లో చెప్పింది. నాకేం కాదు పెద్దమ్మా, నువ్వు మందులు వేసుకో అని నాకే ధైర్యం చెప్పింది. చెల్లె మాత్రం గోడ దగ్గరికి రాలేదు. గిన్నెలు రాలేదు. వాళ్ల ఇంట్లో కుక్కర్ కూతలు నాకు వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె స్థానంలో ఉంటే నేనూ అంతే చేసేదాన్ని. అయినా బాధ బాధే.

మర్నాడు మధ్యాహ్నం అద్దాలు గలగలమన్నాయి, గేటు చప్పుడు కాలేదు. ఆ వేపమండ నేను కట్టిందే, దాన్ని చూసి నేనే ఉడుక్కున్నాను.

చేసేదేమీ లేక పాత పాఠాలు మనసులో చెప్పుకుంటూ కూర్చున్నాను. వైరస్ పాఠం చెప్పడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. అది కణం కాదు. తినదు, ఊపిరి తీసుకోదు, పెరగదు. ఇంత ప్రోటీన్ తొడుగు, లోపల ఇంత జన్యువు, అంతే. బయట ఉన్నంతసేపూ ఇసుక రేణువుకూ దానికీ తేడా లేదు. కణంలోకి పోయిందా, ఆ కణం తన పనులన్నీ మానేసి దానికి నకళ్లు తయారు చేస్తుంది. మర్నాటి పాఠాన్ని ముందురోజు ఇంట్లో నా భర్తకు చెప్పి చూసుకునే అలవాటు నాకు. అతను ఇంటర్ చదివి గనిలో చేరాడు, వినడంలో దిట్ట, వెక్కిరించడంలో ఇంకా దిట్ట. మొదటిసారి ఈ పాఠం విని, "చేతుల్లేవు, కాళ్లు లేవు, సొంతంగ ఏ పని రాదు. కాయితం పట్టుకొని లోపలికొస్తది, ఇగ అందరు దాని పనే చెయ్యాలె. గది వైరస్ ఎట్లయితదే, మా పెద్దసారు గదా" అన్నాడు.

వైరస్ కంటే చిన్నవి కూడా ఉన్నాయని చెప్పాను. వైరాయిడ్లు అని, ఆలుగడ్డ చేలను పాడుచేసేవి, వాటికి ఆ తొడుగు కూడా ఉండదు, ఉత్త కాయితమే. సారుకు అంగీ లాగు కూడా లేవా అని నవ్వాడు. ప్రియాన్లు మరీ విచిత్రం, కాయితం కూడా లేదు. మెదడులో ఉండే మామూలు ప్రోటీనే ఒకటి వంకరగా ముడుచుకుంటుంది, పక్కదాన్ని తాకి దాన్నీ వంకర చేస్తుంది. కల్లు దుకాణం కాడ జరిగేది అదే కదా, దీనికి పుస్తకం ఎందుకు అన్నాడు. మర్నాడు క్లాసులో ఆ కల్లు దుకాణం మాట తీసేసి మిగతాదంతా అతని మాటల్లోనే చెప్పాను. పిల్లలు ఎప్పటికీ మర్చిపోలేదు. ఏటా ఒకడు లేచి అడిగేవాడు, మేడం, వైరస్‌కు ప్రాణం ఉన్నట్టా లేనట్టా అని. బయట ఉంటే లేనట్టు, లోపల ఉంటే ఉన్నట్టు అని పుస్తకం చెప్పినట్టే చెప్పి కూర్చోబెట్టేదాన్ని.

అతన్ని తీసుకుపోయింది కూడా ఆ ప్రాణం లేని జాతే. దవాఖాన లోపలికి నన్ను రానివ్వలేదు. తర్వాత కూడా ముట్టుకోనివ్వలేదు. సంచిలో చుట్టి వాళ్లే తీసుకుపోయారు, వాళ్లే కాల్చారు. ముఖం చూశానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఎవరినీ అనడానికి లేదు, ఆ రోజుల్లో అందరికీ అంతే జరిగింది. బట్టలు కూడా ఎవరూ తీసుకోరని కాల్చేశాం. అతని ఒంటికి తగిలినదేదీ ఈ ఇంట్లో మిగలలేదు. మనిషి మీద బెంగ పెట్టుకోవడానికి కూడా ఏదో ఒకటి చేతికి దొరకాలి కదా.

ఇలా కూర్చుని, పొక్కుల మీద మందు రాసుకోవడానికి మళ్లీ అద్దం ముందుకు పోయాను. చెయ్యి ఆగిపోయింది. ఈ పట్టీని నేను ఇంతకుముందు చూశాను. నా ఒంటి మీద కాదు.

ఆ రోజుల్లో గనిలోకి దిగేవాళ్ల టోపీకి పెట్టుకునే దీపానికి బ్యాటరీ నడుముకు వేలాడేది. వెడల్పాటి బెల్టు, దానికి ఇటుకంత డబ్బా. అందులో ఉండేది యాసిడ్ నీళ్లు. మూత సరిగ్గా పడకపోతే కారేవి. ప్యాంటు తొడ దగ్గర చిల్లులు పడని కార్మికుడు మా క్వార్టర్లలో లేడు. నడుము మీద కాలిన మచ్చలు కూడా మామూలే. ఒక ఏడాది వానల ముందు అతను డ్యూటీ నుంచి వచ్చి అంగీ విప్పితే, ఎడమవైపు బెల్టు కింద ఎర్రగా పొంగి, పొక్కులు లేచి ఉన్నాయి. లాంపు కారిందే అన్నాడు. లాంపు రూములో బ్యాటరీలు నింపేవాణ్ణి ఇద్దరం కలిసి తిట్టాం. కాలిన గాయాలకు పూసే మందు పూశాను. పాత బనీను గుడ్డ మడిచి బెల్టు కింద పెట్టుకుని మర్నాడు మళ్లీ డ్యూటీకి పోయాడు. ఎవరూ అనుమానించలేదు. ఇంకో ఊళ్లో అయితే ఏ ముసలమ్మో చూసి సర్పి అనేది. మా దగ్గర గని మనిషికి నడుము మీద ఏం లేచినా ఒకటే పేరు, లాంపు నీళ్లు.

ఆ నీళ్లు పడినచోట మచ్చలు మచ్చలుగా కాలుతుంది గానీ, వెన్నెముక దగ్గర మొదలై బొడ్డు దగ్గర గీత గీసినట్టు ఆగదు. గుత్తులు గుత్తులుగా పొక్కదు. అతనికి ఆగింది, పొక్కింది. నాకు ఇప్పుడు కళ్లకు కట్టినట్టు కనిపిస్తోంది.

ఆ తర్వాతి సంగతి కూడా గుర్తొచ్చింది. అప్పుడు పక్కింటి పిల్ల ఇంకా నడవలేదు, పాకేది. అతను స్నానం చేసి, లుంగీ కట్టుకుని, ఒంటి మీద అంగీ లేకుండా వరండాలో కూర్చుంటే, గోడ అవతల నుంచి ఆ పిల్లను అందించేవాళ్లు. అతని ఒళ్లో పడుకుని, ముఖం నడుముకు ఆనించి నిద్రపోయేది. కొన్ని రోజులకు దాని చెంప మీద, భుజం మీద, కనుబొమ్మ పక్కన చిన్న చిన్న పొక్కులు లేచాయి. జ్వరం అంటే జ్వరం కూడా కాదు, కాస్త ఒళ్లు వెచ్చబడింది. చెల్లె అగ్గి మీద గుగ్గిలమైంది. లాంపు నీళ్ల బట్టలతో నా బిడ్డను ఎత్తుకుంటడా అని వీధి వినేలా అంది. ఆ వానాకాలం అంతా పిల్లను మా ఇంటికి పంపలేదు. అతను ఎదురు చెప్పలేదు. డ్యూటీ నుంచి వచ్చి రెండుసార్లు సబ్బు రుద్దుకుని వరండాలో కూర్చుని గోడ వైపు చూసేవాడు. నడక వచ్చాక పిల్ల తనంతట తనే వచ్చింది, మళ్లీ ఎవరూ ఆపలేకపోయారు.

కనుబొమ్మ పక్కన మాత్రం పెసరగింజంత గుంట ఉండిపోయింది. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు అడిగితే చెల్లె చెప్పిన జవాబు నాకు మాటతో సహా గుర్తుంది. చిన్నప్పుడు వాళ్ల పెద్దబాపు లాంపు నీళ్లు పడ్డాయి అని. అతను అక్కడే చాపలు పరుస్తున్నాడు. తల ఎత్తలేదు.

నేను అనుకుంటున్నది నిజమైతే ఆ పిల్లకు తల్లి పోసింది, అతని నడుము నుంచే పోసింది, మా అందరి కళ్లముందే పోసింది, ఎవరికీ తెలియలేదు. నిజం కాకపోతే ఒంటరి ముసలిదాని ఊహ. మనం నిజం కావాలని కోరుకునేదాన్ని రెండింతలు అనుమానించాలని పిల్లలకు నేనే చెప్పాను. అందుకని నా ఊహను నమ్మలేదు. నమ్మకుండా ఉండలేకపోయాను కూడా.

ఆ సాయంత్రం గోడకు దూరంగా నిలబడి చెల్లెను గట్టిగా రెండుసార్లు పిలిచాను. వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. లాంపు నీళ్ల సంగతి గుర్తుందా అని మొదలుపెట్టి, అంతా చెప్పాను. పరీక్ష వచ్చేదాకా ఇది ఉత్త మాటే అని కూడా చెప్పాను. ఆమె వింటూ గోడ మీది పెచ్చులు గోటితో గీకింది. నన్ను చూడలేదు. అప్పుడు బిడ్డను తను పంపనందుకు నేను ఇప్పుడు దెప్పుతున్నానని అనుకుందేమో, తెలియదు. లోపలికి పోయింది. ఎందుకు చెప్పానా అని నన్ను నేను తిట్టుకున్నాను.

మర్నాడు బ్లాస్టింగ్ అయ్యింది. అద్దాలు కదలడం ఆగింది. గోడ దగ్గర నుంచి అక్కా అని పిలుపు వినిపించింది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయాను. చెల్లె ఫోన్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది.

"ఉన్నయట అక్కా. రక్తంల గుర్తులు ఉన్నయట. ఎన్నడో చిన్నప్పుడే వచ్చి పోయిందని చెప్పింది డాక్టరమ్మ. కడుపుల బిడ్డకు గూడ గదే కావలి కాస్తదట."

నేను ఎండలో అలాగే కూర్చుండిపోయాను. ఆమె ఫోన్ గోడ మీద పెట్టింది. తర్వాత అడిగింది.

"అంటే గవి బ్యాటరీ నీళ్లు గావన్నట్టు."

"కావు చెల్లె."

"బావను ఎన్నేండ్లు అన్న నేను. గాయన సచ్చినంక గూడ గదే మాటన్న." కొంగుతో ముఖం కప్పుకుంది. "ఒక్కనాడన్న తిరిగి అనలే అక్కా."

ఓదార్చాలంటే గోడ దాటి పోవాలి, నా నడుము నిండా పొక్కులు. అటు ఆమె, ఇటు నేను ఏడ్చాం. ఆ రాత్రి నుంచి గోడ మీద మళ్లీ గిన్నెలు కనిపించాయి. పెట్టి పిలిచి దూరం జరిగేది, నేను పోయి తీసుకునేదాన్ని.

ఇంట్లోకి వచ్చాక ఇంకోసారి ఏడ్చాను. అది సంతోషం ఒక్కటే కాదు. నా నరంలో ఉన్న వైరస్ నాకు మా ఊళ్లో వచ్చింది, కమాన్‌పూర్ దగ్గర ఊరు. ఇప్పుడు ఆ ఊరు లేదు, ఓపెన్‌కాస్టులో పోయింది. మా ఇల్లు ఉన్నచోట ఇప్పుడు నేల కూడా లేదు, ఉత్త గాలి. అతనికి సర్పి లేచినప్పుడు నేను పక్కనే ఉన్నా నాకు అంటలేదు, నాకు నాది ముందే ఉంది కాబట్టి. అన్నేళ్లు ఒకే కంచం దగ్గర కూర్చున్నదాన్ని, అతని నుంచి నాకేమీ రాలేదు. అతని నరంలో ముప్పై ఏళ్లకు పైగా పడుకుని, అతని కణాలతో నకళ్లు తీయించుకుని లేచిన ఆ కాయితం మీది ఇంత రాత, ఒళ్లో నిద్రపోయిన పిల్లకు పోయింది. అతని ఒంట్లోంచి వచ్చి, కాలిపోకుండా ఈ లోకంలో మిగిలింది అదొక్కటే. అది నా దగ్గర లేదు, గోడ అవతల ఉంది. అసూయ పడ్డాను, నిజం చెప్పడానికేం. ఆ పిల్ల మీద నాకు అసూయ కలగడం జీవితంలో అదే మొదలు.

పొక్కులు మాడి, పెచ్చులు కూడా రాలిపోయాక వేపమండ విప్పాను. ఆకులన్నీ ఎండి, మీద బొగ్గు దుమ్ము పేరుకుని ఉంది. దాన్ని పారేసి చేతులు కడుక్కుంటుంటే గేటు చప్పుడైంది. ఆ రోజు ఆదివారం, బ్లాస్టింగ్ కూడా లేదు. పిల్ల కడుపు ముందుకు వేసుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని లోపలికి వచ్చి, నా మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. వాళ్లమ్మ అంతా చెప్పేసింది. అయినా నా నోట వినాలట. చెప్పాను. వరండా, లుంగీ, వానాకాలం, రెండుసార్లు సబ్బు, అన్నీ చెప్పాను. వింటూ కనుబొమ్మ పక్కన గుంటను వేలితో తడుముకుంది.

క్వార్టర్లలో పెరిగిన పిల్లలందరికీ ఒక అలవాటు ఉంటుంది. నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషి పగలు పడుకుంటే వీధి మొత్తం నోరు మూసుకోవాలి. గిన్నె చప్పుడు చేయకూడదు, బంతి గోడకు కొట్టకూడదు. మాటలు రాని పిల్లలకు కూడా వేలు పెదవుల మీద పెట్టడం ముందు వచ్చేది. ఈ పిల్ల అయితే మా వరండాలోకి వచ్చి, పెద్దబాపు పడుకున్నాడా అని గుసగుసగా అడిగి, పడుకున్నాడంటే కాలి పట్టీలు చేత్తో పట్టుకుని వెనక్కి పోయేది.

"పెద్దమ్మా, గది ఇంక నా లోపల ఉన్నదా? పోలేదా?" అని అడిగింది.

"పోదు బిడ్డా. ఎక్కడో ఒక నరంల ఉంటది. మీ పెద్దబాపు నైట్ షిఫ్టు చేసొచ్చి పండుకున్నట్టు పండుకున్నది" అన్నాను.

ఆమె గుంట మీది వేలు తీసి, చెయ్యి కడుపు మీద వేసుకుంది. తర్వాత రాత్రి ఏం కూర వండుతున్నావని అడిగింది. బీరకాయ అని చెప్పాను. ఆపైన అత్తగారింటి సంగతులు, పేరు ఏం పెట్టాలన్న సంగతి, చీకటి పడేదాకా ఏవేవో చెబుతూనే ఉంది. మాటల మధ్యలో ఎప్పుడో గమనించాను, ఆ పిల్ల చాలాసేపటి నుంచి గుసగుసగా మాట్లాడుతోంది. నేనూ గొంతు తగ్గించే జవాబు చెబుతున్నాను.